చమురు తెట్టుని బాక్టీరియా ఎలా తింటుంది, ఎక్కడ ఆగిపోతుంది

హైదరాబాద్‌కి సముద్రం లేదు, దగ్గరి తీరానికి వెళ్లాలన్నా దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోవాలి. అయినా మన దేశం చుట్టూ ఉన్న సముద్రాల్లో చమురు ఒలికినప్పుడు ఆ తెట్టు ఏ రోజుకి ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టి చెప్పేది ఈ ఊరి నుంచే. ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, గాలినీ ప్రవాహాలనీ కలిపి కంప్యూటర్ నమూనాలు నడిపి ఆ అంచనాలు ఇస్తుంది. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఇచ్చింది, 2025 మే నెలలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగినప్పుడూ ఇచ్చింది. చమురు ఎటు వెళ్తుంది అనే ప్రశ్నకి అలా ఎంతో కొంత జవాబు దొరుకుతోంది. వెళ్లిన చమురు చివరికి ఏమవుతుంది, దాన్ని ఎవరు తింటారు, ఎంతకాలం పడుతుంది అన్నది వేరే ప్రశ్న, అక్కడే అసలు గందరగోళం.

ఎందుకంటే ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒక మాట తిరుగుతుంది: చమురు తినే బాక్టీరియా ఉంది, అది తన సబ్బు తానే తయారు చేసుకుంటుంది, దాన్ని డ్రమ్ముల్లో పెంచి సముద్రంలో పోస్తే సరి. ఇందులో మొదటి రెండు ముక్కలు పూర్తిగా నిజం, చాలా అందమైన నిజం కూడా. మూడోదే తేడా. బాక్టీరియా తక్కువై సముద్రంలో చమురు మిగిలిపోవడం చాలా అరుదు. వాటికి కావలసిన మిగతావి తక్కువై మిగిలిపోతుంది. ఈ తేడా తెలియకపోతే డబ్బు, సమయం రెండూ తప్పు చోట ఖర్చవుతాయి.

ముందు చమురు దగ్గర మొదలుపెడదాం. ముడిచమురు ఒక పదార్థం కాదు, వేల రకాల హైడ్రోకార్బన్ల కలగూరగంప. పొడుగ్గా గొలుసులా ఉండే ఆల్కేన్లు, ఉంగరాల్లా అతుక్కుని ఉండే ఆరోమాటిక్‌లు, ఇంకా బరువైన రెజిన్లు, ఆస్ఫాల్టీన్లు. తేలిక రకం ముడిచమురు ఒలికితే అందులో మూడో వంతు దాకా మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆవిరైపోవచ్చు. అదే ఓడల ఇంజన్లకి వాడే ఫర్నేస్ ఆయిల్ అయితే ఆవిరయ్యేది చాలా తక్కువ, అలల్లో నీళ్లు పీల్చుకుని చిక్కటి గోధుమరంగు ముద్దగా మారుతుంది, అందులో నీళ్లే 70 శాతం దాటి ఉండొచ్చు. ఎన్నూరులో జనం బకెట్లతో తోడి పోసింది ఆ ముద్దనే. అప్పుడు అంత పెద్ద పెద్ద యంత్రాలు ఎందుకు పనికి రాలేదు అని చాలామంది కోప్పడ్డారు, కోపం న్యాయమే, కానీ ఆ ముద్ద చిక్కదనం కూడా ఒక కారణం. మామూలు పంపులతో లాగితే రాదు అది.

ఇప్పుడు బాక్టీరియా వైపు నుంచి చూడండి. దాని ఒళ్లు మైక్రాన్ సైజు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అది బతికేది నీళ్లలో, దాని తిండి ఉన్నది నూనెలో. పదహారు కార్బన్ల హెక్సాడెకేన్ లాంటి ఆల్కేన్ నీళ్లలో కరిగేది లీటరుకి మైక్రోగ్రాముల లెక్కలోనే, కరగదు అనుకున్నా తప్పు లేదు. చమురుని విరగ్గొట్టే ఎంజైములేమో కణం పొరలో కూర్చుని ఉంటాయి, బయటికి వచ్చి పనిచేయవు. కాబట్టి చమురు అణువు కణం దాకా రావాలి, లేదా కణమే వెళ్లి చమురుని అంటుకోవాలి. కళ్ల ముందు కొండంత తిండి ఉన్నా నోటికి అందని పరిస్థితి. బయోసర్ఫాక్టెంట్, అంటే బాక్టీరియా తయారు చేసుకునే ఆ సబ్బు, పుట్టింది ఈ ఇబ్బంది నుంచే.

సర్ఫాక్టెంట్ అణువుకి ఒక కొస నీళ్లని ఇష్టపడుతుంది, ఇంకో కొస నూనెని ఇష్టపడుతుంది. నీళ్లూ నూనే కలిసే హద్దు మీద వరసగా నిలబడి ఆ హద్దుని మెత్తబరుస్తుంది. కుంకుడుకాయ రసంతో తలంటుకున్న వాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు, అందులోని సాపోనిన్లు చేసే పని కూడా ఇదే, కాకపోతే వాటిని చెట్టు తయారు చేస్తుంది, వీటిని బాక్టీరియా తయారు చేస్తుంది. స్వచ్ఛమైన నీటి తలతన్యత, అంటే పైపొర బిగువు, 25 డిగ్రీల దగ్గర మీటరుకి 72 మిల్లీన్యూటన్లు. సూడోమొనాస్ ఎరుజినోసా తయారు చేసే రామ్నోలిపిడ్ కలిస్తే అది 30 కంటే కిందకి దిగుతుంది. బాసిల్లస్ సబ్‌టిలిస్ తయారు చేసే సర్ఫాక్టిన్ కూడా దాదాపు 27 దాకా దించుతుంది. నీటికీ నూనెకీ మధ్య హద్దు మీద అయితే ఈ దిగుడు ఇంకా ఎక్కువ, ఒకటికి దగ్గరగా వచ్చేస్తుంది. అంత బలహీనపడ్డాక చిన్న అల కొట్టినా తెట్టు చితికి బొట్లు బొట్లుగా విడిపోతుంది.

బొట్లు అయితే ఏంటి లాభం? చిన్న లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు చమురు ఒకే గుండ్రటి బొట్టుగా ఉంటే దాని పైతలం 5 చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే చమురు 10 మైక్రాన్ల బొట్లుగా చిట్లితే మొత్తం పైతలం 6,000 చదరపు సెంటీమీటర్లు. అంటే బాక్టీరియా కూర్చుని తినడానికి చోటు వెయ్యి రెట్ల పైన పెరిగింది. పైగా అంత చిన్న బొట్లు పైకి తేలడానికి చాలా సమయం పడుతుంది, చుట్టూ నీళ్లు ఉంటాయి, ఆక్సిజన్ అందుతుంది.

ఈ బయోసర్ఫాక్టెంట్లలో రకాలు చాలా ఉన్నాయి. రామ్నోలిపిడ్‌లు చక్కెర, కొవ్వు ఆమ్లం కలిసిన చిన్న అణువులు, వీటి గురించి 1940ల నుంచే శాస్త్రవేత్తలకి తెలుసు. సర్ఫాక్టిన్ ఏడు అమైనో ఆమ్లాల ఉంగరానికి కొవ్వు తోక తగిలించినట్టు ఉంటుంది, 1968లో జపాన్‌లో బయటపడింది. రోడోకాకస్ జాతి ట్రెహలోస్ లిపిడ్‌లు చేస్తుంది. వీటన్నిటికీ భిన్నంగా ఎమల్సాన్ అని ఒకటి ఉంది, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఎసినెటోబాక్టర్ ఆర్‌ఏజీ-1 అనే రకం నుంచి తీశారు. అది చాలా పెద్ద అణువు, తలతన్యతని పెద్దగా తగ్గించదు, కానీ ఒకసారి విడిపోయిన బొట్లు మళ్లీ ఒకదానికొకటి అతుక్కోకుండా వాటి చుట్టూ తొడుగులా నిలబడుతుంది. విడగొట్టేది ఒకటి, విడిపోయినవాటిని అలాగే ఉంచేది ఇంకొకటి. సముద్రంలో రెండు పనులూ కావాలి, అందుకే ఒకే బాక్టీరియా పెంచి చూపించే ప్రయోగశాల ఫలితాలు సముద్రంలో ఏం జరుగుతుందో పూర్తిగా చెప్పలేవు.

ఇక అసలు కథానాయిక దగ్గరికి వద్దాం. ఆల్కానివొరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రంలో బోర్కుమ్ అనే జర్మన్ దీవి దగ్గర దొరికింది, 1998లో దానికి ఆ పేరు పెట్టారు. చక్కెర పెడితే తినదు. ఆల్కేన్లు, ఒకటి రెండు చిన్న సేంద్రియ ఆమ్లాలు, అంతే దాని తిండి. శుభ్రమైన సముద్రపు నీళ్లలో దీన్ని వెతికినా కనబడనంత తక్కువగా ఉంటుంది, చమురు ఒలికిన చోట కొద్ది రోజుల్లోనే మిగతా బాక్టీరియా మొత్తాన్ని పక్కకి నెట్టి అదే నిండిపోతుంది. 2006లో దీని జన్యుపటం మొత్తం చదివారు, 31 లక్షల అక్షరాలు, అందులో ఆల్కేన్లని పట్టుకుని విరగ్గొట్టే ఎంజైములు ఒకటి కాదు, చాలా.

దీని సబ్బు విషయంలో ఒక గొప్ప తెలివి కనిపిస్తుంది. సూడోమొనాస్ రామ్నోలిపిడ్‌ని బయటికి వదిలేస్తుంది, అది కూడా తన చుట్టూ తనలాంటివి చాలా చేరాయని రసాయన సంకేతాలతో తెలుసుకున్నాకే. ప్రయోగశాల ఫ్లాస్కులో అది బాగానే పనిచేస్తుంది. సముద్రంలో వదిలిన సబ్బు మరుక్షణం పల్చబడి ఎటో పోతుంది, పైగా కణాలు చెల్లాచెదురుగా ఉంటే ఆ గుంపు సంకేతం అసలు పుట్టదు. ఆల్కానివొరాక్స్ అయితే తన గ్లైకోలిపిడ్‌ని చాలావరకు తన కణం పొరకే అంటించి ఉంచుకుంటుంది. సబ్బు ఒంటికే ఉంటే కొట్టుకుపోదు కదా. కణం వెళ్లి బొట్టుని తాకితే చాలు, ఆ తాకిన చోటే హద్దు మెత్తబడుతుంది. సముద్రంలో పుట్టి పెరిగిన జీవికీ, మట్టిలో నుంచి తెచ్చి సముద్రంలో పోసిన జీవికీ ఉన్న తేడా ఇది. డ్రమ్ముల్లో బాక్టీరియా అమ్మేవాళ్లు ఈ సంగతి పెద్దగా చెప్పరు.

2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇంకా ముందుకి వెళ్లింది. జపాన్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఒక్కొక్క చమురు బొట్టుని పట్టి ఉంచి దాని మీద ఆల్కానివొరాక్స్ ఏం చేస్తుందో సూక్ష్మదర్శినిలో కనిపెట్టుకుని చూశారు. చమురుకి కొత్తగా వచ్చిన కణాలు బొట్టు చుట్టూ మందంగా గుండ్రటి పొరలా పేరుకున్నాయి. చమురుతో ఎక్కువ రోజులు గడిపిన కణాలు వేరే రకంగా ప్రవర్తించాయి: పల్చటి పొరగా పరుచుకుని, బొట్టు ఉపరితలాన్నే గుంటలు పడేలా వంచి, ఆ గుంటల్లోంచి వేళ్లలా గొట్టాలు సాగదీశాయి. అలా బొట్టు ఆకారమే మారిపోయి పైతలం పెరిగి, అంతకంతకూ ఎక్కువ కణాలకి చోటు దొరికి, చమురు చాలా వేగంగా తరిగిపోయింది. అంటే ఇవి అల వచ్చి బొట్టు పగలగొట్టేదాకా కూర్చోవు, గుంపుగా కలిసి తామే దాన్ని పిండుతాయి. ఒక మైక్రాన్ సైజు జీవులు, మెదడు లేదు, చెయ్యి లేదు, తమ కంటే ఎన్నో రెట్లు పెద్దదైన బొట్టుని అలా మలచడం చదువుతుంటే నిజంగా ఒళ్లు పులకరిస్తుంది.

బొట్టుని అంటుకున్నాక జరిగేది రసాయనం. ఆల్కేన్ గొలుసు కొసకి ఎంజైము ఒక ఆక్సిజన్ పరమాణువుని తగిలిస్తుంది, అది ఆల్కహాల్ అవుతుంది, తరవాత ఆల్డిహైడ్, తరవాత కొవ్వు ఆమ్లం. కొవ్వు ఆమ్లం అయ్యాక ఇక కొత్త విద్య ఏమీ అక్కర్లేదు, మన ఒంట్లో కొవ్వు కరిగే దారి లాంటిదే, రెండేసి కార్బన్లు తెంపుకుంటూ పోయి చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, కొత్త కణాలు మిగులుతాయి. ఆరోమాటిక్ ఉంగరాలు తెరవడం ఇంతకంటే కష్టం, ఆ పని సైక్లోక్లాస్టికస్ లాంటి వేరే బాక్టీరియాది, అది సాధారణంగా ఆల్కేన్ల విందు ముగిశాక రంగంలోకి దిగుతుంది. ఆస్ఫాల్టీన్ల జోలికి దాదాపు ఎవరూ పోరు, తీరంలో కాలికి అంటుకునే తారు ఉండల్లో మిగిలేది ఎక్కువగా అలాంటి బరువు సరుకే. అందుకే చమురుని బాక్టీరియా తినేస్తుంది అనే వాక్యం సగమే నిజం. ఏ చమురు, అందులో ఏ భాగం అన్నది చెప్పకుండా ఆ మాటకి అర్థం లేదు.

మరి సముద్రంలో ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? మనిషి చమురు తవ్వడం మొదలుపెట్టి నూట అరవై ఏళ్లు దాటింది, బాక్టీరియాకి ఈ తిండి కోట్ల ఏళ్ల నాటిది. సముద్రపు అడుగు పగుళ్ల నుంచి చమురు సహజంగా ఊరుతూనే ఉంటుంది. ఇంకో ఆధారం మరీ ఆశ్చర్యకరం: సముద్రంలో ఎండ తగిలే పొర అంతటా ఉండే ప్రోక్లోరోకాకస్, సినెకోకాకస్ అనే సూక్ష్మజీవులు తమ కణాల్లో ఆల్కేన్లు తయారు చేస్తాయి, అవి ఏటా 30 కోట్ల టన్నుల నుంచి 77 కోట్ల టన్నుల దాకా ఉండొచ్చని 2015లో ఒక అంచనా వచ్చింది. ప్రమాదాల్లో ఒలికే చమురు దాని ముందు చాలా చిన్న మొత్తం. కాబట్టి ఆల్కేన్లు తినే బాక్టీరియా కొద్దికొద్దిగా ప్రతి సముద్రంలోనూ పస్తులతో కాచుకుని ఉంటుంది. బయటి నుంచి తెచ్చి పోయాల్సిన అవసరం దాదాపు ఉండదు, పోసినా అక్కడి వాటితో పోటీ పడి నెగ్గదు.

ఇక్కడ ఆనందమోహన్ చక్రవర్తి ప్రస్తావన రాక తప్పదు. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఈయన, చమురులోని వేర్వేరు భాగాలని తినే శక్తులని ఒకే సూడోమొనాస్‌లోకి తెచ్చి 1972లో పేటెంట్ అడిగారు. జీవికి పేటెంట్ ఇవ్వొచ్చా అనే వాదన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980లో 5-4 తేడాతో ఆయన పక్షాన తీర్పు వచ్చింది. ప్రపంచ బయోటెక్ పరిశ్రమకి ఆ తీర్పు పెద్ద మలుపు, మన జీనోమ్ వ్యాలీ లాంటి చోట్లకి కూడా దాని ప్రభావం అందింది. కానీ ఆ బాక్టీరియాని సముద్రంలో ఒలికిన చమురు మీద ఎప్పుడూ వాడలేదు. తీర్పుకి వచ్చిన పేరు చూసి అది సముద్రాలు శుభ్రం చేసిందని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు.

బాక్టీరియా ఉంది, సబ్బు ఉంది, తిండి ఉంది. అయినా ఆగిపోతుంది, ఎక్కడ? చమురులో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఒంటికి కావలసిన మిగతావి దాదాపు లేవు. కొత్త కణం కట్టాలంటే నత్రజని కావాలి, భాస్వరం కావాలి. 100 పాళ్ల కార్బన్‌కి 10 పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అని ఈ రంగంలో మోటుగా లెక్క వేస్తారు. నడి సముద్రపు పైపొర నీళ్లలో అవి చాలా కొద్దిగానే ఉంటాయి. అందుకే 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి దాదాపు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికినప్పుడు, తీరం రాళ్ల మీద బాక్టీరియా చల్లడం మీద కాకుండా ఎరువు వేయడం మీద దృష్టి పెట్టారు. పనిచేసింది, ఎరువు వేసిన చోట్ల చమురు విరగడం కొన్ని రెట్లు వేగం అందుకుంది. అయినా గులకరాళ్ల కిందకి దిగిపోయిన చమురు పదేళ్లు దాటాక కూడా అలాగే దొరికింది, కారణం అక్కడికి ఆక్సిజన్ సరిగా అందకపోవడం.

ఆక్సిజన్ లెక్క నిజంగా టెన్షన్ పెట్టే లెక్క. ఒక కిలో హైడ్రోకార్బన్ పూర్తిగా ఆక్సీకరణం అవ్వాలంటే మూడు కిలోల పైన ఆక్సిజన్ కావాలి. మన వైపు వెచ్చటి సముద్రపు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకి 7 మిల్లీగ్రాముల లోపే. ఆ లెక్కన ఒక లీటరు చమురు తినడానికి దాదాపు 4 లక్షల లీటర్ల నీళ్లలోని ఆక్సిజన్ అంతా అయిపోతుంది. నడి సముద్రంలో అలలు గాలిని కలుపుతూనే ఉంటాయి కాబట్టి నడిచిపోతుంది. క్రీకుల్లో, మడ అడవుల బురదలో ఆ గాలి ఎక్కడిది? బురదలో పై కొద్ది మిల్లీమీటర్లు దాటితే ఆక్సిజన్ ఉండదు. అక్కడ దిగిన చమురుకి ఎంత మంచి బయోసర్ఫాక్టెంట్ పోసినా తినేవాళ్లకి ఊపిరి అందదు, పైగా సబ్బు వల్ల చమురు ఇంకా లోపలికి ఇంకే ప్రమాదం ఉంది.

మన బంగాళాఖాతం సంగతి కొంచెం విడిగా చెప్పాలి. నీళ్లు ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటాయి, చాలాకాలం 27 నుంచి 30 డిగ్రీలు, కాబట్టి అలాస్కాతో పోలిస్తే బాక్టీరియా వేగం ఇక్కడ చాలా ఎక్కువ ఉండాలి. కానీ గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్లు పైన తేలిక పొరలా పరుచుకుంటాయి, కింది బరువు నీళ్లతో సులువుగా కలవవు. అడుగున ఉన్న నత్రజని పైకి రాదు. వంద మీటర్లకి కాస్త కిందనుంచే ఆక్సిజన్ బాగా తక్కువ ఉండే పొర మొదలవుతుంది. వేడి ఉంది, పోషకాలు లేవు. విశాఖలో రిఫైనరీ, ఓడరేవు, నౌకాదళం ఒకే చోట ఉన్నాయి, కాకినాడ బయట కేజీ బేసిన్ బావులు ఉన్నాయి, ఆ పక్కనే కోరింగ మడ అడవులు. ఉత్తర సముద్రం లేదా మెక్సికో గల్ఫ్ ప్రయోగాల అంకెలు తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు, ఈ నీళ్లలో, ఈ బురదలో, ఇక్కడి బాక్టీరియాతో కొలిచిన వేగాలు కావాలి. తెట్టు దారి చెప్పే నమూనాలకి ఆ వేగాలు కూడా తోడైతే హైదరాబాద్ నుంచి వెళ్లే అంచనా విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కృత్రిమ సబ్బుల అనుభవం కూడా చూడాలి, ఎందుకంటే బయోసర్ఫాక్టెంట్ మీద ఆశ పుట్టింది అక్కడి దెబ్బల వల్లే. 1967లో ఇంగ్లండ్ కార్న్‌వాల్ తీరంలో టోరీ కాన్యన్ ఓడ పగిలినప్పుడు దాదాపు 10,000 టన్నుల డిటర్జెంట్ చల్లారు, డిటర్జెంట్ వేయని చోట్ల కంటే వేసిన చోట్లే రాతి తీరపు జీవం కోలుకోవడానికి ఎక్కువ ఏళ్లు పట్టింది. ఆ తరవాత వచ్చిన డిస్పర్సెంట్‌లు, అంటే తెట్టుని బొట్లుగా చెదరగొట్టే రసాయనాలు, అంత విషం కావు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదంలో 11 మంది కార్మికులు చనిపోయారు, బావి 87 రోజులు కక్కింది, కోరెక్సిట్ అనే డిస్పర్సెంట్ దాదాపు 70 లక్షల లీటర్లు వాడారు, అందులో 29 లక్షల లీటర్లు 1,500 మీటర్ల లోతున బావి మూతి దగ్గరే. దాని వల్ల చమురు త్వరగా విరిగిందా అన్న ప్రశ్న మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో డిస్పర్సెంట్ కలిపిన నీళ్లలో మారినోబాక్టర్ అనే చమురు తినే బాక్టీరియా తగ్గి, కాల్వెల్లియా అనేది పెరిగింది, చమురు విరగడం మాత్రం వేగం అందుకోలేదు. వేరే ప్రయోగాల్లో వేగం పెరిగినట్టు కనిపించింది. చమురు గాఢత, పోషకాలు, నీళ్లు తిప్పిన తీరు, అన్నిటిని బట్టీ జవాబు మారుతోంది.

మనకి ఇది దూరపు గొడవ కాదు. కూకట్‌పల్లి వైపు పరికి చెరువు నుంచి వచ్చే నాలా వానలకి ధరణినగర్‌లో ఇళ్ల ముందు తెల్లటి నురగ పేర్చిన దృశ్యాలు చూశాం. నీళ్లలో సర్ఫాక్టెంట్లు చేరి విరగకుండా మిగిలిపోతే అలాంటి నురగ కడుతుంది. బయోసర్ఫాక్టెంట్లు ఆ విషయంలో మెరుగు: త్వరగా విరిగిపోతాయి, విషం తక్కువ, ఉప్పునీటిలోనూ వేడిలోనూ పనిచేస్తాయి, కొద్ది మోతాదు చాలు. కృత్రిమ సర్ఫాక్టెంట్ అయిన సోడియం డోడెసిల్ సల్ఫేట్ లీటరుకి రెండు గ్రాముల పైన ఉంటే గానీ మైసెల్‌లు, అంటే దాని అణువులు గుమిగూడిన చిన్న ఉండలు, కట్టదు, రామ్నోలిపిడ్‌లకి మిల్లీగ్రాములు చాలు. అయితే విషం తక్కువ అంటే విషం లేదని కాదు. అసలు చమురుని చిన్న బొట్లుగా నీళ్లలోకి దించడమంటేనే అది పక్షుల రెక్కల మీద నుంచి చేపపిల్లల మొప్పల దగ్గరికి చేరడం, ఏ సబ్బు వాడినా. ఇంకో చిక్కు, కొన్ని బాక్టీరియాలు చమురు వదిలేసి ముందు ఆ సులువైన బయోసర్ఫాక్టెంట్‌నే తినేస్తాయి. కొన్నిసార్లు సర్ఫాక్టెంట్ బొట్టు చుట్టూ చేరి కణాలు దానికి అంటుకోకుండా అడ్డం కూడా పడుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనే సూత్రం ఇక్కడ చెల్లదు.

ధర ఇంకో గోడ. ఈ బాక్టీరియాని ఫెర్మెంటర్‌లో గాలి ఊది పెంచాలి, అది చేసేది సబ్బు, కాబట్టి టాంకు నిండా నురగే. విడిగా శుద్ధి చేసి తీయడానికే ఖర్చు బోలెడు. పైగా రామ్నోలిపిడ్ బాగా చేసే సూడోమొనాస్ ఎరుజినోసా ఆసుపత్రుల్లో రోగులకి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు తెచ్చే రకం, దాన్ని టన్నుల లెక్కన పెంచడం ఎవరికి ఇష్టం? అందుకే ఆ జన్యువులని సూడోమొనాస్ పుటిడా లాంటి భద్రమైన రకంలో పెట్టి పెంచుతున్నారు. 2024లో ఎవోనిక్ సంస్థ స్లొవేకియాలో రామ్నోలిపిడ్ పెద్ద ఎత్తున తయారు చేసే కర్మాగారం తెరిచింది, కాకపోతే ఆ సరుకు షాంపూలకి, గిన్నెలు తోమే ద్రవాలకి వెళ్తుంది, సముద్రానికి కాదు. హైదరాబాద్‌కి ఫెర్మెంటేషన్ కొత్త కాదు, హోటళ్లలో వాడేసిన వంటనూనెకీ కొదవ లేదు, వాడేసిన నూనె మీద ఈ బాక్టీరియాలు పెరుగుతాయని ప్రయోగశాలల్లో చాలాసార్లు తేలింది కూడా. ఇక్కడి పరిశ్రమ దృష్టి పెట్టాల్సిన పని ఇది.

అలా తయారైన సరుకు ఎక్కడ వాడితే ఫలితం వస్తుంది అంటే, నడి సముద్రంలో కాదు, గట్టు మీద. చమురు టాంకుల అడుగున పేరుకునే మడ్డి, రిఫైనరీ గుంటలు, పైపు పగిలి చమురు ఇంకిన పొలాలు, తీరం నుంచి ఏరి తెచ్చిన ముద్ద. అక్కడ సబ్బు పల్చబడి పోదు, యూరియా ఎంత వేయాలో కొలవొచ్చు, మట్టి తిరగేసి గాలి ఆడించొచ్చు, తడి చూసుకోవచ్చు. టెరి అనే పరిశోధన సంస్థ తయారు చేసిన ఆయిల్ జాపర్ అనే బాక్టీరియా మిశ్రమం మన చమురు క్షేత్రాల మడ్డి గుంటల్లో పేరు తెచ్చుకున్నది ఇలాంటి చోట్లే. ఎన్నూరులో కూడా తోడి తెచ్చిన ముద్దని ఓడరేవు ఆవరణలోనే చోటు కేటాయించి బాక్టీరియాతో శుద్ధి చేసే దారి పట్టారు. సముద్రం మీద ఉన్నప్పుడు మాత్రం తేలే అడ్డుకంచెలు, తోడే యంత్రాలు, అవి మొదటి ఒకటి రెండు రోజుల్లో చేరడం, వీటికి ఏ సూక్ష్మజీవీ బదులు కాదు.

చివరిగా, ఎవరైనా మా బాక్టీరియా చమురుని 90 శాతం తినేసింది అని చెబితే అడగాల్సింది ఒకటుంది: ఎలా కొలిచారు? కంటికి కనబడకపోవడం కొలత కాదు, బొట్లుగా చెదిరి కిందకి దిగినా కనబడదు, ఆవిరైనా కనబడదు. చమురులో హోపేన్ అనే అణువు ఒకటి ఉంటుంది, బాక్టీరియా దాన్ని దాదాపు ముట్టుకోదు. హోపేన్‌తో పోల్చి మిగతా హైడ్రోకార్బన్లు ఎంత తగ్గాయో, అణువులని విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో చూస్తే నిజంగా విరిగింది ఎంతో, ఊరికే కొట్టుకుపోయింది ఎంతో తెలుస్తుంది. అలాగే పదిహేడు కార్బన్ల మామూలు ఆల్కేన్‌కీ, కొమ్మలున్న ప్రిస్టేన్‌కీ మధ్య నిష్పత్తి: రెండూ దాదాపు ఒకే తీరుగా ఆవిరవుతాయి, బాక్టీరియా మాత్రం మొదటిదాన్ని ముందు తింటుంది, కాబట్టి ఆ నిష్పత్తి పడిపోతే తినడం మొదలైందని అర్థం. పక్కనే ఏమీ వేయని చోటు ఒకటి వదిలి, అక్కడి నమూనా కూడా చూపించాలి, ఎందుకంటే ఏమీ చేయకపోయినా అక్కడి సొంత బాక్టీరియా తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఆ పనిని కొన్న బాక్టీరియా ఖాతాలో వేయకూడదు. ఈ మూడు అంకెలు ఇవ్వని టెండర్‌కి బిల్లు చెల్లించకూడదని కాలుష్య నియంత్రణ మండళ్లు నిబంధన పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, టెండర్ పత్రంలో ఒక పేరా చాలు.